ముల్లు దూకకుండా

మా తాతయ్య మద్రాసులో కోరస్ పాడేవారు. సినిమా వాళ్లంతా ఒక్కొక్కరే హైదరాబాద్ వచ్చేస్తుంటే తనూ వచ్చి ఫిల్మ్‌నగర్‌లో స్థిరపడ్డారు. ఆయన దగ్గరున్న రికార్డు అట్ట మీద ఆయన పేరు ఉండదు. రెండో చరణం తర్వాత నలుగురు తీసే ఆలాపనలో ఒక గొంతు ఆయనది, అంతే. అదే చోటు పదే పదే వేసుకుని గాడి అరగ్గొట్టేశారు. పోయిన వేసవిలో పక్క ప్లాటులో బండ కొట్టడం మొదలైంది. సరిగ్గా అక్కడికి రాగానే ముల్లు దూకేసేది.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంతా గ్రానైట్ గుట్టలే కదా. ఆ అదురు మెత్తటి మట్టిలోలాగా ఇంకిపోదు. రాతిలోంచి పునాదికి, గోడకి, బల్లకి పాకుతుంది.

"నువ్వు చదివేది మెకానికలే కదరా, ఆపలేవా?" అన్నారు. వైబ్రేషన్స్‌లో నా మార్కులు ఆయనకి చెప్పలేదు.

ముందు ప్లేయర్ కింద వంటింటి గ్రానైట్ పలక పెట్టా. ఏమీ మారలేదు. బరువొక్కటే చాలదు, దాని కింద స్ప్రింగ్ కావాలి. టీవీ డబ్బాలో వచ్చిన ఫోమ్ ముక్కలు వేశా. ఇంకా ఎక్కువ దూకింది! స్కేలు పెట్టి చూస్తే ఫోమ్ బరువుకి 2.5 మిల్లీమీటర్లు దిగింది. 15.8ని ఆ దిగుడు వర్గమూలంతో భాగిస్తే సహజ పౌనఃపున్యం వస్తుంది: 10 హెర్ట్జ్. (ఫోమ్‌కి ఈ లెక్క అంచనాకి మాత్రమే.) ప్లేయర్ చేయి, కార్ట్రిడ్జ్ కలిసి ఊగేది కూడా మామూలుగా 8-12 హెర్ట్జ్ మధ్యే. ఆపమని పెట్టినదే పక్కన కూర్చుని తాళం వేసిందన్నమాట.

చివరికి సైకిల్ ట్యూబ్. కొంచెమే గాలి కొట్టి, దాని మీద గ్రానైట్, ఆపైన ప్లేయర్. నొక్కి వదిలి, ఫోన్‌లో వీడియో తీసి ఊపులు లెక్కపెడితే సెకనుకి దాదాపు 4. దానికి 1.4 రెట్లు దాటిన అదురు నుంచే తగ్గింపు మొదలవుతుంది. బండ కొట్టే అదురు అంతకంటే చాలా పైన. మనిషి నడక మాత్రం సెకనుకి రెండడుగులే, ట్యూబ్ దాన్ని ఆపదు. అందుకే రికార్డు తిరుగుతున్నంతసేపూ మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాదు.

ఇదే పనికి వేలకు వేలు తీసుకుని స్టాండ్లు అమ్ముతారు. లెక్క చూసుకోకుండా కొంటే అవీ నా ఫోమ్‌లాంటివే. ఆంప్లిఫయర్ కింద కూడా ట్యూబ్ పెట్టి చూశా, నాకైతే తేడా వినబడలేదు. ముల్లు ఉన్నచోటే దీనికి పని.

మర్నాడు కంప్రెసర్ మోగుతుండగానే రికార్డు వేశాం. ముల్లు దూకలేదు. గరగరల మధ్య ఆలాపన వచ్చింది. నాలుగు గొంతుల్లో ఏది ఆయనదో నాకు తెలియలేదు. తాతయ్య కళ్లు మూసుకుని ఒక చోట వేలెత్తారు.

"మళ్లీ పెట్టరా" అన్నారు.

గాడి ఇంకా అరుగుతుందని తెలిసీ పెట్టా.