నీలితెర

కంప్యూటరును దుకాణమునందు సిద్ధముగా కొనువారు కొందరు. భాగములను వేరువేరుగా తెచ్చి యింటియందు కూర్చుకొనువారు కొందరు. మేము రెండవ కోవకు చెందినవారము. మేమనగా నలుగురము, తెలుగు విభాగము నుండి ఇద్దరము, ఉర్దూ విభాగము నుండి ఇద్దరము. ఈ వార్షిక సంచికకు వచ్చిన రచనలను రెండు భాషలయందును టైపు చేయు పనిని కళాశాల సంఘమువారు మాకప్పగించిరి. జమ్మికుంటలో రైలెక్కి సికింద్రాబాదు చేరి, పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో కేబినెట్, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ఎస్.ఎం.పి.ఎస్. కొనితిమి. 8 జి.బి. ర్యామ్ స్టిక్‌లు రెండు మాత్రము వేరొకచోట చౌకగా దొరకినవి. హుజూరాబాదులో మాలో ఒకరి యింటి ముందుగదియందు, ఒక్క స్క్రూడ్రైవరుతో, ఒక సాయంకాలమునకే యంత్రము సిద్ధమాయెను.

పదిరోజులు చక్కగా నడచెను. పిదప ఒకనాడు ఉర్దూ పుటలు కూర్చుచుండగా తెర యంతయు నీలవర్ణమాయెను. దానిపై నొక విచారముఖము, ఆంగ్లమున రెండు వాక్యములు. యంత్రము తనంతట తానే ఆగి మరల మొదలాయెను. భద్రపరచని పుట పోయెను. (2025లో మైక్రోసాఫ్టువారు విండోస్ 11లో ఈ తెరకు నలుపు రంగు వేసిరి, మాది అంతకు ముందటి కూర్పు.) ఆ వారముననే ఇట్లు అయిదుసార్లు జరిగెను.

చూడవచ్చిన వారందరిదియు ఒకే మాట. "ఆ ఉర్దూ సాఫ్టువేరు తీసివేయుండ్రి బాబూ, అంతయు దానివల్లనే." అది పడిపోవుచున్నది ఉర్దూ పుటల వద్దనే గనుక వారి మాట కొట్టివేయదగినది కాదు. నస్తాలీఖు లిపి సులభమైనది కాదు. అక్షరములు ఏటవాలుగా దిగుచు ఒకదానిపై నొకటి వాలును. అందుచేతనే చిరకాలము కాతిబులు చేతితో వ్రాసిన పుటలనే అచ్చువేసెడివారు. 1981లో నూరీ నస్తాలీఖు వచ్చిన పిదపనే ఆ లిపి యంత్రమునకు పట్టుబడెను. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ దానిని మనవంటివారి బల్లమీదికి తెచ్చెను. ఇంతటి చరిత్ర గల లిపిని ఒక పెద్దమనిషి ఒక్క మాటలో తేల్చివేసెను: "ఈ యేటికి ఉర్దూ భాగము మానివేసిన నేమి?" పుటలు కూర్చుచున్న ఉర్దూ విభాగపు మిత్రుడు వాదింపలేదు. "సరే భాయ్, మావి వచ్చే యేడు వేసికొందాము" అనెను. అతడు కోపగించుకొనియున్నచో మాకింత కష్టము తోచియుండెడిది కాదు.

నిజమేమనగా, సాధారణమైన సాఫ్టువేరు చెడినచో అది యొక్కటియే మూతపడును. అద్దెకున్నవాడు తన గదిలో కుండలు పగులగొట్టుకొనినచో ఇల్లు కూలదు. దూలము విరిగినప్పుడే అందరును బయటికి రావలెను. కంప్యూటరునకు దూలము వంటిది కెర్నెల్. దాని అంతరమునందు పనిచేయు డ్రైవరో, యంత్రభాగమో చెడినప్పుడే నీలితెర వచ్చును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన లోపభూయిష్టమైన ఒక్క ఫైలు ఆ స్థానమున చేరి ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లను పడగొట్టెను. ఆనాడు హైదరాబాదు నుండి విమానమెక్కినవారికి బోర్డింగు పాసులు చేతితో వ్రాసి యిచ్చిరి. అయితే కొన్ని సాఫ్టువేర్లు తమ వెంట డ్రైవరును గూడ తెచ్చుకొనును. కనుక శంక నివారణకై ఉర్దూ సాఫ్టువేరును పూర్తిగా తొలగించితిమి. మూడవనాడు, తెలుగు భాగమునకై బృంద ఛాయాచిత్రములు తెరచినప్పుడు, అదే నీలితెర!

నిందితుడు విడుదలయ్యెను గాని దోషి దొరకలేదు. కరెంటు పనివాడు వచ్చి ఎర్తింగు చూచెను. ఉప్పు, బొగ్గు నింపిన గుంత ఎండిపోయియుండగా రెండు బిందెల నీళ్లు పోయించెను. ఇంటికి అది మంచిదే, తెరకు పట్టలేదు. ఫ్యాను రెక్కలకు పట్టిన ధూళి దులిపితిమి. ర్యామ్ స్టిక్‌ల బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో తుడుచుట మన ప్రాంతపు ప్రథమ చికిత్స గదా, అదియు చేసితిమి. రెండు దినములు ఊరట కలిగి మూడవ దినమున మరల పడెను.

మన ప్రాంతమునకు చెందిన వంగర గ్రామపు పి.వి. నరసింహారావుగారు ఉర్దూ తెలుగులు రెండును ఎరిగినవారు; 1980వ దశకమున, అరువది దాటిన వయస్సున, కంప్యూటరునకు ప్రోగ్రాము వ్రాయుట నేర్చిరి. ఈ ప్రసక్తి ఇచ్చట అనవసరమే గాని, మా ముందుగదిలో నిరాశ కలిగినప్పుడెల్ల ఎవరో ఒకరు ఈ మాట తెచ్చెడివారు.

దారి చూపినది ఒక నోటుపుస్తకము. తెర పడినప్పుడెల్ల దాని అడుగున కనబడు దోషనామమును మాలో ఒకడు వ్రాసియుంచెను. ఒకమారు 'మెమొరీ మేనేజ్‌మెంట్', ఒకమారు 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా', మరియొకమారు 'ఐ.ఆర్.క్యు.ఎల్. నాట్ లెస్ ఆర్ ఈక్వల్'. విండోస్ ఫోల్డరులోని మినీడంప్ ఫైళ్లను చూడగా పూటకొక డ్రైవరు పేరు. ఒకే డ్రైవరు చెడినచో సాధారణముగా ఒకే పేరు మరల మరల కనబడవలెను. పేర్లు ఇట్లు మారుచున్నచో అన్నియు నిలుచున్న నేలనే, అనగా ర్యామ్‌నే, శంకింపవలెను.

మెమ్‌టెస్ట్86 అను ఉచిత సాధనమును పెన్‌డ్రైవులో నింపి, దానితోనే యంత్రమును మొదలుపెట్టితిమి. ఆ పరీక్షలో విండోస్ లేదు, ఉర్దూ లేదు, తెలుగు లేదు. ర్యామ్‌లో ప్రతి స్థానమున ఒక విలువను వ్రాయుట, తిరిగి చదువుట, సరిపోల్చుట, అంతియే. 16 జి.బి.కి గంటల కాలము పట్టును. రాత్రి ఒంటిగంటకు తెరపై ఎర్రని పంక్తులు బయలుదేరెను. ఎక్స్.ఎం.పి. అను వేగవృద్ధిని ఆపి చూచితిమి, పంక్తులు పోలేదు. ఇచ్చట తొందరపడరాదు, దోషము స్టిక్‌దా, అది కూర్చున్న స్లాటుదా తేలవలెను. ఒకే స్లాటులో ఒక్కొక్క స్టిక్‌ను పెట్టి పరీక్షించితిమి. మొదటిది నాలుగు ఆవృత్తులు నిర్దోషముగా ముగించెను. రెండవది అరగంటకే తప్పులు చూపెను, అవియు దాదాపు ఒకేచోట. మొదటిదానిని రెండవ స్లాటునకు మార్చినను తప్పు రాలేదు.

మరి ఉర్దూ పుటల వద్దనే ఏల పడెను? పాత సంచికలలో కాతిబులు వ్రాసిన పుటలను స్కాను చేసి, ఆ పెద్ద చిత్రములను ప్రక్కన తెరచుకొని మిత్రుడు టైపు చేయుచుండెను. ర్యామ్ నిండినకొలది చెడిన చోటు వాడుకలోనికి వచ్చుట కవకాశము హెచ్చును. తెలుగు పుటలు వట్టి అక్షరములు. అంత చోటు వానికి అక్కరలేదు.

ఉర్దూ సాఫ్టువేరును మరల ఎక్కించితిమి. చెడిన స్టిక్‌ను వారంటీపై పంపితిమి. ఒంటి స్టిక్‌తో యంత్రము నెమ్మదించెను. పెద్ద చిత్రములను ఒక్కొక్కటిగా తెరచి మూసికొనవలసివచ్చెను. మిగిలిన ఇరువదియారు ఉర్దూ పుటలను మిత్రుడు అట్లే పూర్తిచేసెను. క్రొత్త స్టిక్ వచ్చునప్పటికి సంచిక అచ్చునకు పోయియుండెను.