రేకుల మీద ఎండ

ఎండాకాలం వస్తే షికాగోలో ఉన్నా నా ధ్యాసంతా హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలోని మా పెద్దమ్మ ఇంటి మీదే. పగలంతా కాగిన రేకులు రాత్రి పది దాటినా సెగ దించవు. “కూలరు పెట్టినా ఉడుకు గాలే వస్తది బిడ్డా” అంటుంది.

చలికి పేరుపడిన ఈ షికాగో 1995 జులైలో వచ్చిన ఎండలకు 739 మందిని పోగొట్టుకుంది. చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్లు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ చావుల వెనక సంగతులు తవ్వి చూశాడు. నార్త్ లాండేల్, సౌత్ లాండేల్ పక్కపక్క పేటలు. రెండిట్లోనూ పేదరికముంది, ఒంటరి వృద్ధులున్నారు. అయినా సౌత్ లాండేల్‌లో చావుల రేటు పదో వంతే. అక్కడి వీధుల్లో దుకాణాలున్నాయి, జనసంచారముంది. ముసలివాళ్లు భయం లేకుండా గడప దాటేవాళ్లు.

అది చదివాక మన వాడకట్టు విలువ నాకు బాగా తెలిసింది. ఒక అవ్వ రెండు పూటలు అరుగు మీద కనబడకపోతే వెళ్లి తలుపు కొట్టే మనుషులు గౌలిపురలో ఇంకా ఉన్నారు. బోనాలకు గల్లీ అంతా చందాలు వేసుకుని, ఇళ్లకు సున్నాలు వేసుకునే అలవాటూ ఉంది. ఆ సున్నమేదో ఉగాదికే, గోడలతో పాటు పైకప్పుకూ వేస్తే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. 2017లో హైదరాబాద్‌లోనే 25 పేదల ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూశారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. ఫ్యాన్లు, కూలర్లు అంత తక్కువ తిరుగుతాయి, కరెంటు కోసం కాల్చే బొగ్గు అంత మిగులుతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మంచి పనే. కానీ ఇళ్ల విషయంలో 600 గజాలూ ఆపైన స్థలాల్లో కట్టేవాటికే అది తప్పనిసరి. మా గల్లీలో అంత ఇల్లు ఒక్కటీ లేదు. అందరికంటే ఎక్కువగా ఉడికిపోయేవాళ్లే ఆ లెక్కలోకి రాలేదు. కాబట్టి ఈ పని వాడకట్టే ఎత్తుకోవాలి. న్యూయార్క్‌లో 2009 నుంచి కార్యకర్తలూ పని నేర్చుకునే యువకులూ కలిసి కోటి చదరపు అడుగులకు పైగా కప్పులకు తెల్లరంగు వేశారు. మన యూత్ సంఘాలకు అది చేతకాని పనేం కాదు. ఒక్క జాగ్రత్త: పాత సిమెంటు రేకుల మీద కాలు పెట్టొద్దు, పగులుతాయి. నిచ్చెన మీద నుంచే పొడవు కర్ర బ్రష్షుతో వేయాలి.

చెత్త సంగతీ ఇలాంటిదే, వాడకట్టు పూనుకుంటేనే కదులుతుంది. బోయిన్‌పల్లి మార్కెట్లో 2021 నాటికే రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్త నుంచి 500 యూనిట్ల దాకా కరెంటు తీసేవారు. మా పాతబస్తీ కూరగాయల మార్కెట్ మీరాలం మండిలోనూ అలాంటిది రావాలని బస్తీవాళ్లు గట్టిగా అడగాలి. ఇంట్లో తడి చెత్త వేరు చేయడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న గౌలిపుర బిడ్డలకు నాదొక మనవి. ఈసారి బోనాల చందాతో పాటు నాలుగు ఇళ్ల కప్పులకయ్యే ఖర్చు కూడా పంపండి. అదీ ఉగాది లోపే పంపండి. ముందుగా ఒంటరి ముసలివాళ్లుండే రేకుల ఇళ్లకు వేయమని చెప్పండి.