పూసల బరువు మోసే గొలుసు

నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కేటప్పటికి ఉదయం ఏడున్నర. స్త్రీశక్తి టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్లో చేతిసంచి, అందులో నేను గుచ్చిన మూడు దండలు. ఒకటి నల్లపూసలది, ఒకటి పగడాలది, ఒకటి ఎర్రమట్టి పూసలది. మూడింటికీ మెడ వెనకవైపు వెండి గొలుసు వెయ్యాలి.

గొలుసు కోసం మాచర్ల దాకానా అన్నారు మావారు. పోయిన వేసవిలో ఒక దుకాణంలో మెరుపు చూసి కొన్న గొలుసు నా మనసులోంచి ఇంకా పోలేదు. అది తెగను కూడా లేదు. ఒక రింగు నోరు తెరుచుకుంది, అంతే. పెళ్లి సందట్లో మా వదిన మెడలోంచి దండ ఎప్పుడు జారిందో తెలీదు. నెల రోజులు కూర్చుని గుచ్చిన దండ మళ్లీ దొరకలేదు.

పిడుగురాళ్ల సున్నపు బట్టీలు దాటాం. గురజాలలో ఒక లంబాడీ అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. మెడ నిండా పూసల పేటలు, మధ్యమధ్య పాత వెండి రూపాయి బిళ్లలు. నేను చూపు తిప్పుకోలేకపోవడం గమనించి, "మా అమ్మవి" అంది. దారం ఎన్నిసార్లు మార్చావవ్వా అంటే లెక్కలేదంది. బిళ్లల చెవులు మాత్రం మొదట అతికినవేనట. ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూపించింది.

"దారం తెగితే మళ్లీ గుచ్చుకుంటామమ్మా. అతుకు ఊడితే బిళ్ల పోద్ది."

రెంటచింతల వచ్చేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

మాచర్లలో తెలిసినవాళ్లు చెప్పిన ఆచారిగారి దుకాణం చిన్న గది. నేను సన్నటి గొలుసొకటి ముచ్చటపడి పట్టుకున్నాను. ఆయన ధర చెప్పలేదు. "ముందు దండ ఇటివ్వు తల్లీ" అని కాటా మీద పెట్టారు. పగడాల దండ 46 గ్రాములు. నా చేతిలోని గొలుసు 3 గ్రాములు.

"ఇంత సన్న తీగ ఆ బరువు మొయ్యదమ్మా. మోసినా రింగులు సాగుతాయి."

భూతద్దం ఇచ్చి రింగుల నోళ్లు చూడమన్నారు. కొన్నిటికి టంకం పడింది, కొన్నిటిని ఊరికే నొక్కి మూశారు. గోరుతో గీరితే నొక్కిన చోట గోరు తట్టుకుంటుంది. మా వదిన గొలుసు రహస్యం అక్కడ తెలిసింది.

పాము గొలుసు నున్నగా బాగుంటుంది గానీ, ఒకసారి మడత పడితే ఆ మడత పోదు, బాగుచెయ్యడమూ కష్టం. కోల రింగుల గొలుసైతే ఏ రింగులోనైనా కొక్కెం తగిలించుకోవచ్చు. జాకెట్టు మెడను బట్టి దండను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. పూసలకు నా ఓటు దీనికే.

టచ్ ఎంతని అడిగాను. గొలుసు మీది 925 ముద్ర చూపారు. వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగిలింది ఎక్కువగా రాగి. వట్టి వెండి మెత్తన, రాగి కలిస్తేనే గొలుసుకు గట్టిదనం. జర్మన్ సిల్వర్‌లో వెండి పేరుకే. ఉండేది రాగి, నికెల్, జింకు. పల్నాటి ఎండల్లో చెమట పట్టిన మెడ మీద ఆ నికెల్ కొందరికి దురద పెడుతుంది. వెండికి హాల్‌మార్క్ బంగారంలా తప్పనిసరి కాదు. అయితే 2025 సెప్టెంబరు 1 నుంచి హాల్‌మార్క్ వేసిన వెండి నగలకూ హెచ్‌యూఐడీ వచ్చింది. ఆ ఆరు అక్షరాల నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

మట్టిపూసలకు మాత్రం తెల్లవెండి వద్దనుకున్నాను. గాలిలోని గంధకం తగిలి వెండి ఎలాగూ నల్లబడుతుంది. పొడి వేసి తోముదామంటే అది మట్టిలో ఇంకి మరక పడుతుంది. ముందే నల్లబరిచిన గొలుసు తీసుకున్నాను. ఎర్రమట్టి పక్కన ఆ నలుపు ఎంత అందమో!

పగడాలకు 11 గ్రాముల కోల రింగుల గొలుసు కుదిరింది. ఆ దండ మా వదినకే.

మీరూ గొలుసు కొనబోయేటప్పుడు దండను వెంట తీసుకెళ్లండి. కాటా మీద పెట్టించండి. డబ్బు ఇచ్చే ముందు ప్రతి రింగునూ ఒకసారి గోరుతో గీరి చూడండి.