ఉప్పు పట్టిన బూట్లు

1977లో నేను కళాశాలలో చదువుచు ఎన్.సి.సి.లో క్యాడెట్టుగా ఉంటిని. విద్యార్థులకు సైనిక శిక్షణ నొసగుటకై 1948 నాటి చట్టముచే ఏర్పడిన ఈ దళము, 1962 యుద్ధానంతరము కొన్నియేండ్లు నిర్బంధమై, 1968లో మరల ఐచ్ఛికమయ్యెను. ఎవరును నన్ను బలవంతపెట్టలేదు. ఎర్రకుచ్చు టోపీ పైని మోజు, ‘సి’ సర్టిఫికెట్టుతో సైన్యమున అధికారి కావచ్చునను ఆశ నన్నందు చేర్చినవి. మా అధ్యాపకులే మాకు అధికారి. ఆదివారపు పరేడులో బూటుపై ధూళికణమున్నను వారు క్షమించెడివారు కారు.

ఆ నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి 10,000 మందికి పైగా బలిగొనెను. కొన్ని దినములకు మమ్ము అచ్చటికి గొనిపోయిరి. ఊరి బావి ఉప్పునీటితో నిండియుండెను. దాని చుట్టును మోకాలిలోతు బురద. బూట్లు పాడగునని నేను వెనుకనే నిలిచితిని. చెప్పుటకు ఇప్పటికిని సిగ్గగుచున్నది. మా అధికారి నా వంక చూడనైన చూడక బురదలోనికి దిగిరి. నేనును దిగితిని. సాయంకాలము వరకు నీరు తోడి పోసితిమి. అయినవారినందరిని పోగొట్టుకొన్న ఒక ముదుసలి మా చెంతకు వచ్చి, “మీరేమన్నా తిన్నారా నాయనా?” అని అడిగెను. మాలో ఎవరికిని మాట రాలేదు.

తిరిగివచ్చిన పిదప ఎంత రుద్దినను ఆ బూట్లు మెరయలేదు. తరువాతి పరేడులో మా అధికారి వానివంక ఒకసారి చూచి, ఏమియు అనక ముందునకు సాగిరి.