రెక్కలున్న ఇరుగుపొరుగు

పక్షుల తెలివితేటలను గురించి పెద్ద గ్రంథాలే ఉన్నాయి. అయితే బాంబూఫ్లాట్‌లో నివసించే మాకు ఆ పాఠాలు జెట్టీ దగ్గర ఉచితంగానే లభిస్తున్నాయి. చాతం నుండి ఫెర్రీ ఒడ్డుకు చేరేసరికి మనుషులకంటే ముందు వరుసలో నిలిచి ఉండేవి బొంతకాకులే.

టీ దుకాణం వద్ద ఎండిన రొట్టెముక్క దొరికితే కాకి దానితో కుస్తీ పట్టదు. నీటిగుంటలో ముంచి, మెత్తబడిన పిదప ఆరగిస్తుంది. కుక్క ఎముకను కొరుకుతూ ఉంటే ఒక కాకి వెనుకనుండి తోక లాగుతుంది. అది కోపంతో తిరగగానే రెండవది ఎముకను అపహరిస్తుంది. ఇంతటి సమన్వయం మన విభాగాల మధ్య ఉంటే ఎన్ని ఫైళ్లు త్వరగా కదిలేవో అని మేము నవ్వుకుంటూ ఉంటాము.

గోరువంక తీరు వేరు. స్కూటరు అద్దంలోని తన ప్రతిబింబాన్ని శత్రువుగా భావించి గంటసేపైనా యుద్ధం చేస్తుంది. చివరకు అలసి, అద్దంపై తెల్లని సంతకం చేసి మరీ నిష్క్రమిస్తుంది.

బాల్యంలో మనం చదివిన కాకి, కుండ, గులకరాళ్ల కథ కల్పన మాత్రమే కాదు. 2009లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుల పరీక్షలో కాకిజాతికి చెందిన రూక్ పక్షులు గాజుగొట్టంలో రాళ్లు వేసి, నీటిమట్టం పెంచి, తేలే పురుగును అందుకున్నాయి. అంతకుముందు 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో బెట్టీ అనే కాకి తిన్నని తీగను కొక్కెంగా వంచి ఆహారపు చిన్న బకెట్టును పైకి లాగింది. జపాన్‌లోని సెండాయ్ నగరంలో కాకులు అక్రోటుకాయలను రోడ్డుపై వేసి, కార్ల చక్రాలచేత పగలగొట్టిస్తాయి.

అయితే ఈ తెలివి ఇంజనీర్లకు పరీక్షగా మారే సందర్భం ఒకటున్నది. పుల్లలతోపాటు ఇనుప తీగముక్కలను కూడా కాకి గూటికి వాడుకుంటుంది. ఆ గూడు విద్యుత్ స్తంభంపై వెలిస్తే ఒక్క తీగ జారినా షార్ట్ సర్క్యూట్ తప్పదు. ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో సంబంధం లేని ఈ దీవులలో కరెంటు పోతే పొరుగువారిని అడిగి తెచ్చుకునే వీలు లేదు. అలాగని, కళ్లు తెరవని పిల్లలున్న గూటిని లాగివేయడానికి చేయి రాదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! గుడ్లు పెట్టకముందే పుల్లలను తొలగించడం, పని ముగిశాక తీగముక్కలను స్తంభం కింద వదలకుండా ఏరివేయడం, ఈ రెండే మాకు న్యాయంగా తోచిన మార్గాలు. కాకి ఎత్తుకుపోయే తీగ మనం పారవేసినదే.

గోరువంక విషయంలోనూ అంతే. అది ఈ దీవుల పక్షి కాదు. 19వ శతాబ్దంలో బ్రిటిష్ వారు తెచ్చి వదిలినది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 ఆక్రమణ జీవుల జాబితాలో 2000లో దానికీ చోటు దక్కింది. చెట్టుతొర్రలకోసం ఇతర పక్షులతో అది పోరాడుతుంది. మన వీధులలోని ఎంగిలి మెతుకులే దానికి బలం.

కనుక మన పిల్లలకు పక్షుల చేష్టలను చూపి నవ్వించుదాము. ఆ తరువాత చెత్తబుట్టకు మూత పెట్టడం కూడా నేర్పుదాము.