వేల్స్ దారిలో పసుపు పెట్టెలు

మా అమ్మాయి రెండో కాన్పుకని 2024లో ఇంగ్లండు వెళ్ళి, ఆరు నెలలు ఉండి వచ్చాను. వచ్చినప్పటి నుంచీ "ఏం చూశావు వదినా, ఏం తెచ్చావు?" అని అందరూ అడుగుతూనే ఉన్నారు. టవర్ బ్రిడ్జి గురించో, విండ్సర్ కోట గురించో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ చూశాను. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం రోడ్డు పక్కన స్తంభం మీద బిగించిన ఒక పసుపు పెట్టె. ఎందుకంటే ఆ పెట్టె మా ఇంట్లో మూడు రోజులు ఎవరికీ అన్నం సహించకుండా చేసింది.

అమ్మాయి వాళ్ళుండేది రెడింగ్ అనే ఊళ్ళో. పసివాడికి నాలుగో నెల వచ్చాక, "అత్తయ్యగారూ, మిమ్మల్ని సముద్రానికి తీసికెళతాను" అన్నాడు అల్లుడు. వేల్స్‌లో టెన్బీ అనే ఊరు. నాలుగు గంటలకు పైగా ప్రయాణం. తెల్లవారుజామునే లేచి పులిహోర, పెరుగన్నం, పెద్దమనవరాలికి అప్పడాలు కట్టుకుని బయల్దేరాం.

ఎం4 అనే పెద్ద రోడ్డు. గంటకు 70 మైళ్ళ వరకు పోవచ్చు. మన లెక్కలో 112 కిలోమీటర్లు. హారన్ మోత లేదు, ఎదురొచ్చే బండి లేదు. సెవెర్న్ నది మీద వంతెన దాటితే వేల్స్. 1996లో కట్టిన ఈ వంతెనకు ఒకప్పుడు టోలు ఉండేదట, 2018 డిసెంబరులో తీసేశారు. దాటగానే బోర్డులన్నీ రెండు భాషల్లో కనిపించాయి. రోడ్డు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో "అరఫ్" అని రాసి ఉంది. "ఈ అరఫ్ ఎవరే?" అని అడిగితే అమ్మాయి పగలబడి నవ్వింది. వేల్స్ భాషలో "నెమ్మది" అని అర్థమట!

అప్పుడు గమనించాను, అల్లుడి కాలు ఎక్కడెక్కడ బ్రేకు మీదికి పోతోందో. పసుపు పెట్టె కనబడితే చాలు, బండి కొత్తకోడలిలా ఒద్దికగా నడుస్తుంది. దాటగానే మళ్ళీ మామూలే. ఆయనొక్కడే కాదు, ముందు బండి, వెనక బండి అన్నీ అంతే. ఈ ఎత్తు కనిపెట్టి అక్కడివాళ్ళు ఇంకో రకం కెమెరాలు పెట్టారు. ఒకచోట బండి నంబరు, టైము పట్టుకుంటాయి, కొన్ని మైళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకుంటాయి. మధ్య దూరం ఎంతసేపట్లో దాటారో లెక్క తీస్తాయి. పాలవాడు క్యాలెండరు మీద గీతలు పెట్టుకున్నట్టే, తప్పించుకోవడానికి ఉండదు.

టెన్బీ ఎంత ముద్దుగా ఉందో! సముద్రపు ఒడ్డున గులాబీ, పసుపు, లేతనీలం రంగుల ఇళ్ళు వరసగా, సంక్రాంతి ముగ్గులో రంగులద్దినట్టు. పాతకాలపు కోటగోడ, ఇసుక తీరం. దాని వేల్స్ పేరుకు "చేపల చిన్నకోట" అని అర్థమట. అక్కడ వెల్ష్ కేకులు తిన్నాం. మైదా, వెన్న, పంచదార, గుడ్డు, ఎండుద్రాక్ష కలిపి, గుండ్రంగా కోసి, పెనం మీద సన్నసెగన కాలుస్తారు. మన బొబ్బట్టు పెనం చాలు, ఓవెన్ అక్కర్లేదు. ఆ పూట బాగానే గడిచింది.

తిరుగు ప్రయాణంలో ఒక పల్లె మీదుగా వస్తున్నాం. పసివాడు ఒకటే ఏడుపు. అమ్మాయి సముదాయిస్తోంది, నేను పాలసీసా వెతుకుతున్నాను, అల్లుడు త్వరగా ఎక్కడో ఆపాలని తొక్కాడు. పెట్టెను ఎవరూ చూడలేదు.

తొమ్మిదో రోజున కవరు వచ్చింది. 20 మైళ్ళ చోట 28 మైళ్ళు! వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి ఇళ్ళున్న వీధుల్లో చాలావాటికి వేగం 30 నుంచి 20 మైళ్ళకు తగ్గించారు. జరిమానా 100 పౌండ్లు, లైసెన్సు మీద 3 పాయింట్లు. డబ్బు సంగతి అలా ఉంచండి, మూడేళ్ళలో 12 పాయింట్లయితే బండి తోలే హక్కే పోతుంది. మొదటిసారి కొద్దిగా మీరినవాళ్ళకు పాయింట్ల బదులు డబ్బు కట్టి క్లాసులో కూర్చునే వీలుంది. కానీ అల్లుడు కిందటేడే ఆ క్లాసు వాడేసుకున్నాడు. ఇప్పటికే 6 పాయింట్లున్నాయి. ఉద్యోగానికి రోజూ కారులో పోవాలి.

ఆ కవరులో "ఆ సమయంలో బండి నడిపిందెవరు? 28 రోజుల్లో రాయండి" అని ఒక కాగితం. రాత్రి భోజనాల దగ్గర అల్లుడు నెమ్మదిగా అన్నాడు. "నీ లైసెన్సు శుభ్రంగా ఉంది కదా. నువ్వు నడిపావని రాసేద్దాం. మూడు పాయింట్లేగా, ఏమవుతుంది?"

అమ్మాయి నా వంక చూసింది. నేను పెరుగు వడ్డిస్తూ ఊరుకున్నాను. మన ఇళ్ళల్లో పాలు పొంగిపోయినా, తాళంచెవి పోయినా, పిల్లాడికి మార్కులు తగ్గినా తప్పు ఎవరి మీదికి వస్తుందో మీకు తెలియనిదా? ఇదీ అలాంటిదే, సర్దుకుంటే పోతుందేమో అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నేను అమ్మాయి పక్షాన నిలబడలేదు.

మర్నాడు పక్కింటి పెద్దావిడ టీకి పిలిచింది. ఆవిడ భర్త దగ్గర కెమెరా మాట ఎత్తితే చాలు, ముఖం ఎర్రబడుతుంది. "అవి కెమెరాలు కావు, ప్రభుత్వం వారి డబ్బుల హుండీలు!" అంటాడాయన. అంతకుముందు మమ్మల్ని ఆసుపత్రికి తీసికెళ్ళిన పాకిస్తానీ టాక్సీ డ్రైవరు ఇంకోలా అన్నాడు. "పోలీసైతే బతిమాలుకోవచ్చు అమ్మీ, పెట్టెను ఎలా బతిమాలను?" వేల్స్‌లోనైతే 20 మైళ్ళు వద్దని 4 లక్షల 60 వేల మందికి పైగా సంతకాలు పెట్టారు. తర్వాత కొన్ని రోడ్లకు మళ్ళీ 30 ఇచ్చారు కూడా.

ఈ గొడవ ఇవాళ్టిది కాదట. 1905లో కార్లవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నదే పోలీసులు ఎక్కడ మాటువేశారో చెప్పుకోవడానికట. ఆ సంఘం మనుషులు సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు. సభ్యుడికి సలాం కొట్టకపోతే, ముందు పోలీసులున్నారని గుర్తు! మన హైవేల మీద లారీవాళ్ళు లైట్లు ఆర్పి వెలిగించి చెప్పుకుంటారే, అచ్చం అలాగే. ఇంకో తమాషా. పేరుమోసిన ఆ గాట్సో కెమెరాను కనిపెట్టింది పోలీసు కాదు, గాట్సోనిడెస్ అనే డచ్చి కారు పందేల వీరుడు. 1953లో మాంటెకార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల్లో తన వేగం చూసుకుని ఇంకా జోరుగా పోవడానికి చేసుకున్న సాధనమే చివరికి అందరి కాళ్ళకూ బ్రేకైంది.

పెద్దాయన తిట్లన్నీ అయ్యాక ఆవిడ నవ్వుతూ, "మా మనవరాలి బడి ముందు కెమెరా పెట్టమని మొదటి సంతకం చేసింది ఈయనే" అంది. ఆయన మారు మాట్లాడకుండా టీ తాగాడు.

అప్పుడు అమ్మాయి తన సంగతి చెప్పుకుంది. ఆవిడ కప్పు కిందపెట్టి ఒక కథ చెప్పింది. క్రిస్ హ్యూన్ అని ఒక మంత్రి ఉండేవాడట. 2003లో వేగంగా నడిపి పట్టుబడితే, ఆ పాయింట్లు భార్య విక్కీ ప్రైస్ తన మీద వేసుకుంది. తర్వాత కాపురం చెడింది, ఏళ్ళ తర్వాత అబద్ధం బయటపడింది. 2013లో ఇద్దరికీ ఎనిమిదేసి నెలల జైలుశిక్ష పడింది. వేగానికి జరిమానాయే, అబద్ధానికి జైలు!

ఆ సాయంత్రం అమ్మాయి భర్తతో, "మీరు ఆఫీసుకు బస్సులో వెళితే నేను ఆరింటికే లేచి క్యారేజీ కడతాను. ఆ కాగితం మీద మాత్రం సంతకం చేయను" అంది. గొంతు పెంచలేదు. అల్లుడు చాలాసేపు పసివాణ్ణి భుజాన వేసుకుని తిరిగి, తర్వాత కాగితం తీసి తన పేరే రాశాడు. 9 పాయింట్లయ్యాయి. ఇంకొక్కసారి పట్టుబడితే కోర్టు మెట్లెక్కాల్సిందే. నేనైతే ఆ రోజు నా కూతురి దగ్గర పాఠం నేర్చుకున్నాను.

అక్కడి డ్రైవింగు పుస్తకంలో ఒక లెక్క ఉంది. 20 మైళ్ళ వేగంలో బండి ఆగడానికి 12 మీటర్లు పడుతుంది. 30 మైళ్ళయితే 23 మీటర్లు. మనకర్థమయ్యేలా చెప్పాలంటే మొదటిది రెండు చీరలు పరిచినంత దూరం, రెండోది నాలుగు చీరలంత. ఆ పై రెండు చీరల మధ్యలో బంతి కోసం పరుగెత్తిన పిల్లాడు ఉంటే? 20 మైళ్ళు వచ్చాక వేల్స్ వీధుల్లో దెబ్బలు తగిలేవాళ్ళు తగ్గారని అక్కడి లెక్కలు చెబుతున్నాయి మరి.

మన దగ్గర 2022 మార్చిలో తెలంగాణలో పాత చలాన్ల మీద రాయితీ ఇచ్చారు. బైకులకు నూటికి 25 కడితే చాలన్నారు. మా వీధిలో మగవాళ్ళు ఆషాఢం చీరల సేలుకు మనం పరుగెత్తినట్టు పరుగెత్తారు. జరిమానా తగ్గిందని సంబరమే కానీ, వేగం తగ్గించుకుందామని ఎవరూ అనుకోలేదు.

తిరిగి వచ్చిన రోజు శంషాబాద్ నుంచి సూర్యాపేటకు మావారే కారు నడిపారు. కెమెరా కనబడగానే బ్రేకు, దాటగానే మళ్ళీ జోరు. ముందు ఒక ఊరి దగ్గర బడి సంచులేసుకున్న ముగ్గురు పిల్లలు రోడ్డు దాటడానికి నిలబడి ఉన్నారు.

"ఏమండీ, నాలుగు చీరలు" అన్నాను.

"ఏం చీరలు? ఇప్పుడు షాపులెక్కడున్నాయి?" అన్నారాయన విసుగ్గా. కానీ బండి నెమ్మది చేశారు. పిల్లలు దాటారు. ఇంటికెళ్ళేదాకా ఆ చీరల లెక్క చెబుతూనే ఉన్నాను. మీరూ ఈసారి కారెక్కినప్పుడు చెప్పి చూడండి. పెట్టె ఉన్నచోట కాదు సుమా, లేనిచోట.