పూర్ నైట్స్ నీళ్ళలో

చాలాకాలంగా వ్రాద్దామనుకుంటున్న సంగతి ఇది. న్యూజీలాండు ఉత్తరభాగంలో, టుటుకాకా రేవుకు సుమారు 22 కిలోమీటర్ల దూరాన, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండగోడల్లా కొన్ని దీవులున్నాయి. పాశ్చాత్యులు వీటిని పూర్ నైట్స్ అంటారు. 1769లో కుక్ దొర పెట్టిన పేరట. రొట్టెముక్కల్ని గుడ్డుసొనలో ముంచి వేయించే ఓ వంటకం పేరే దీవులకు పెట్టాడని ఒక కథ (ఆకలి మీదున్నాడు కాబోలు). మావోరీలకు మాత్రం పెద్దదీవులు రెండూ తవితి రాహి, ఆవోరంగి.

ఈ దీవులపై కాలు మోపరాదు. ఇక్కడ న్గాతి వాయి తెగవారు కాపురముండేవారు. 1820ల తొలినాళ్ళలో, వారి నాయకుడు తాతువా యోధులతో దూరదేశం వెళ్ళిన సమయాన, శత్రువులు దాడిచేసి మిగిలినవారిలో చాలామందిని చంపారు. తిరిగివచ్చిన తాతువా ఆ నేలను 'టాపు' అని ప్రకటించి వెళ్ళిపోయాడు. పవిత్రమూ, నిషిద్ధమూ కలిసిన మాట అది. మన 'మడి' కొంత దగ్గరకు వస్తుంది గాని, అందులో దుఃఖం లేదు.

చుట్టూ ఉన్న నీటిని 1981లో సముద్ర అభయారణ్యం చేశారు. అయినా చాలా భాగంలో సరదాకు గాలం వేయడం సాగింది. 1998లో అదీ ఆపి, తీరం నుండి 800 మీటర్ల మేర ఏ ప్రాణినీ పట్టకూడదన్నారు. తరువాతి కొద్ది ఏళ్ళలోనే స్నాపర్ చేపలు అనేక రెట్లు పెరిగాయి.

నేను ఉప్పాడలో పుట్టినదాన్ని. మా అమ్మమ్మగారి ఇల్లున్న వీధి ఇప్పుడు సముద్రంలో ఉంది. మోకాటి లోతు దాటి నీళ్ళలోకి వెళ్ళడం మా ఇంట ఆడపిల్లలెవరికీ తెలియదు. అటువంటిది ఏబై దాటాక, వీపున గాలిసిలిండరు, నడుమున సీసపు బరువులు, ఒంటిని బిగబట్టిన రబ్బరుతొడుగుతో పడవ అంచున కూర్చున్నానంటే, అది మా అమ్మాయి మొండితనం. ఆమె ఈ విద్యలో ఆరితేరినది. శిక్షణంతా అయ్యాక కూడా ఒక్కటే మాట పదేపదే చెప్పింది: "అమ్మా, ఏమైనా సరే, ఊపిరి మాత్రం బిగబట్టకు." పూరకం, రేచకం తప్ప కుంభకం లేని ప్రాణాయామమన్నమాట! పైకి వచ్చేటప్పుడు పీడనం తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి.

దిగాము. పది మీటర్లు దాటేసరికి ఎరుపు రంగు లోకం నుండి సెలవు తీసుకుంది. నా చేతి తొడుగు మీది ఎర్రగీత బూడిదరంగయింది. కెల్ప్ అనే పొడవాటి సముద్రపునాచు గాలికి వరిచేనులా ఒకేసారి ఇటూ అటూ వాలుతోంది. తూర్పు ఆక్‌లండ్ ప్రవాహం ఉత్తరం నుండి వెచ్చని నీటిని తెస్తుంది. అందుకే ఉష్ణమండలపు చేపలు కొన్ని ఇక్కడి చల్లనినీటి చేపల మధ్య తిరుగుతాయి.

బ్లూ మావోమావో ఆర్చ్ అనే రాతితోరణం కిందికి చేరాము. వందలాది నీలిచేపలు, ఒకదానినొకటి తాకనంత ఒద్దికగా, కదలకుండా నిలిచి ఉన్నాయి. మమ్మల్ని చూసి బెదరలేదు. దారి మాత్రం ఇచ్చాయి. చేప మనిషిని చూసి పారిపోదని నాకంతవరకు తెలియదు. నా బాల్యంలో చేపలన్నీ బుట్టల్లోనివే.

అప్పుడే నీటి ఊపు నన్ను గోడవైపు విసిరింది. వెంటనే వెనక్కి లాగింది. గుండె గొంతులోకి వచ్చింది. ఊపిరి వడివడిగా సాగింది, బుడగలు తప్ప ఏమీ కనిపించలేదు. అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. కళ్ళలోకి చూస్తూ అరచేతిని మెల్లగా కిందికి దించింది: నెమ్మదిగా. మళ్ళీ. మళ్ళీ. ఆ పిల్లకు నడక నేర్పిన రోజుల్లో నేనూ ఇలాగే పట్టుకునేదాన్ని, కాకపోతే తను భయపడేది కాదు. నా గాలిమీటరు చూసి బొటనవేలు పైకెత్తింది. నీటిలో దానర్థం 'భేష్' కాదు, 'పైకి పోదాం' అని. అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాము. ఆమె చేయి వదలలేదు. నేనూ వదిలించుకోలేదు.

తరువాత ఉప్పాడలో మరబోటున్న మా బాబాయికి ఫోనులో ఇదంతా చెప్పాను. "అన్ని చేపలుంటే వలెయ్యరా?" అన్నాడు. వెయ్యరన్నాను, ఏ కాలంలోనూ. ఏప్రిల్ 15 నుండి 61 రోజుల వేటనిషేధానికే ఆయన ఇంట్లో అప్పులవుతాయి. కాసేపు మాట్లాడలేదు. "అయితే అక్కడోళ్ళకి వేరే కూడుందన్నమాటమ్మా" అన్నాడు. ఉందన్నాను. "మంచిదే" అని, అమ్మాయి ఎలా ఉందని అడిగాడు.